‘ఫ్రీ డెలివరీ అన్నావుగా, మరి ఈ ఇరవై తొమ్మిది ఎవరి జేబులోకి?’

విశాఖపట్నంలో మధురవాడ వైపు ఉండే ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై దాటింది. ఇంటి ఖర్చంతా ఆమే చూసుకుంటారు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఐదు ఇళ్లవాళ్లు కలిసి సరుకులు ఒకే ఆర్డరుగా తెప్పించుకుంటున్నారు. ఎవరికి వాళ్లు చిన్న చిన్న ఆర్డర్లు పెడితే డెలివరీ ఛార్జి పడుతుంది, అందరివీ కలిపితే ఉచితం కదా అన్న ఆలోచన ఈవిడదే. ఫోను ఆమెది, ఖాతా ఆమెది, ముందు డబ్బు కట్టేదీ ఆమే. తర్వాత ఎవరి వస్తువుల ధర వాళ్లు యూపీఐలో పంపేస్తారు.

చిక్కల్లా ఏమిటంటే, వస్తువుల ధరలన్నీ కూడితే వచ్చే మొత్తానికీ తన ఖాతాలోంచి పోయే మొత్తానికీ ఎప్పుడూ పొంతన కుదరదు. ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువే పోతుంది. ‘ఐదారు రూపాయల కోసం మనిషిని అడగడం ఏం బాగుంటుంది’ అని రెండు నెలలు తనే భరించారు. అలా సుమారు ఆరు వందలు చేతి నుంచి పడ్డాయని లెక్క తేలాక, ఒక ఆర్డరుకు అయిన తేడా 29 రూపాయల్ని ఐదుగురికీ పంచి, మనిషికి 6 రూపాయలు పంపమని వాట్సాప్ గ్రూపులో అడిగారు. రెండో అంతస్తులో ఉండే అక్క వెంటనే జవాబు పెట్టారట: “ఫ్రీ డెలివరీ అని నువ్వే కదా చెప్పావు, మరి ఈ ఇరవై తొమ్మిది ఎవరి జేబులోకి?” పక్కన ఒక నవ్వు బొమ్మ. “మాట కన్నా ఆ బొమ్మే నన్ను ఎక్కువ బాధపెట్టిందండీ. మిగతా ముగ్గురూ చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు” అని రాశారు.

అదే వారంలో ఇంట్లో ఇంకో గొడవ. ఒక్క రూపాయికి మూడు నెలలు అంటే తీసుకున్న ‘డెలివరీ పాస్’ తనంతట తానే రెన్యూ అయి, 149 రూపాయలు రెండుసార్లు కట్ అయ్యాయి. బ్యాంకు మెసేజ్ ఆమె భర్త కంట పడింది. దానికి తోడు, తమ్ముడి పెళ్లికని వేరే వెబ్‌సైట్‌లో 1,350 పెట్టి కొన్న చీర ఫొటోలో ఒక అంచు, వచ్చిన చీరకు ఇంకో అంచు. వెనక్కి పంపితే 1,200 మాత్రమే తిరిగొచ్చింది. ‘పికప్ ఛార్జి’ కింద 150 కోశారు. ఆ సైటులో చీర కింద పెద్ద అక్షరాలతో ఉన్నది ‘ఉచిత డెలివరీ, సులభంగా రిటర్న్’ అనే. ఇవన్నీ కలిపి భర్త అన్న మాట: “నీకు లెక్క రాదు, ఊరందరికీ సేవ ఒకటి. ఆ యాప్ తీసి అవతల పారెయ్.”

ఆమె అడిగినవి మూడు. ఇది మోసమేనా, ఆ డబ్బు తిరిగి వస్తుందా? ఆ అక్కకు ఏమని జవాబు చెప్పాలి? యాప్ తీసేయడమే మంచిదా?

అమ్మా, మీ ఉత్తరంతోపాటు పంపిన బిల్లు స్క్రీన్‌షాట్ దగ్గర మొదలుపెడతాను. మీ గొడవ మొత్తం ఆ ఒక్క బొమ్మలో ఉంది. వస్తువులు 1,140. దాని కింద ‘డెలివరీ ఛార్జి’ అని రాసి, 25 మీద గీత కొట్టి, పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో ‘ఉచితం’. దాని కింద చిన్న బూడిదరంగు అక్షరాల్లో హ్యాండ్లింగ్ ఛార్జి 12. ఆ రోజు వాన పడింది కాబట్టి ‘రెయిన్ ఛార్జి’ 15. దాని కింద ఏదో సేవాకార్యానికి విరాళం 2. మొత్తం 1,169. అన్నిటికన్నా కింద మళ్లీ ఒక ఆకుపచ్చ పట్టీ: ‘ఈ ఆర్డరు మీద మీరు 25 రూపాయలు ఆదా చేశారు’.

ఇప్పుడు చూడండి. ఆదా చేసింది 25, అదనంగా కట్టింది 29. ఈ రెండూ ఒకే స్క్రీన్ మీద ఉన్నాయి. కానీ కంటికి ఆనింది ఒకటే. ఆటో ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఇంకో మాట అంటే మనం అక్కడే నిలబడి అడిగేస్తాం. ఇక్కడ అడగడానికి ఎదురుగా మనిషి లేడు. అందుకని ఆ ప్రశ్న ఎదురుగా ఉన్న మనిషి మీదకు, అంటే మీ మీదకు వచ్చింది. కంపెనీకి పడాల్సిన ప్రశ్న మీకు పడింది. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. పన్నెండు, పదిహేను, రెండు... ఈ మొత్తాలు ఎవరూ ఫోన్ చేసి తగాదా పడనంత చిన్నవి. పైకి వెళ్లని తగాదా ఇంట్లోనూ మెట్ల దగ్గరా తేలుతుంది. మీవారికీ, మీకూ, రెండో అంతస్తు అక్కకూ మధ్య నడుస్తున్నది నిజానికి మీ ముగ్గురి గొడవ కాదు.

మీకు లెక్క రాదన్న మాట కూడా పక్కన పెట్టండి. ఐదు ఇళ్ల సరుకులు, ఎవరికి అరకిలో కందిపప్పు, ఎవరికి రెండు పాల ప్యాకెట్లు అని తప్పుపోకుండా పంచుతున్న మనిషికి లెక్క రాకపోవడం ఏమిటి? లెక్క వచ్చు కాబట్టే తేడా మీకు కనబడింది.

ఇక ‘ఉచితం’ సంగతి. సరుకు మోసుకొచ్చే కుర్రాడికి జీతం, పెట్రోలు, గోడౌన్ అద్దె, సరుకు సర్దే మనిషి... ఇవేవీ ఊరికే రావు. ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట మన దగ్గరే రాబట్టాలి. డెలివరీ అని పేరు పెట్టి రాబడితే మనకు నచ్చదు కాబట్టి, వేరే పేర్లతోనో, వేరే చోటో రాబడతారు. కొన్నిచోట్ల వస్తువు ధరలోనే కలిపేస్తారు. ఒకే సబ్బుల ప్యాకు పక్కవీధి కొట్లో ఎమ్మార్పీ కన్నా నాలుగు తక్కువకు దొరికి, యాప్‌లో పూర్తి ఎమ్మార్పీకి ‘ఉచిత డెలివరీ’తో వస్తుంటే, ఆ నాలుగే మీ డెలివరీ ఛార్జి. ఇంకొన్నిచోట్ల ఇంత మొత్తం దాటితేనే ఉచితం అంటారు. 199 దాటాలంటే ఇంకో 23 రూపాయలు తక్కువ ఉన్నాయని పట్టీ కనబడగానే, అక్కర్లేని బిస్కెట్ ప్యాకెట్ ఒకటి కార్ట్‌లో పడుతుంది. పాతిక డెలివరీ తప్పించుకోవడానికి ముప్పై బిస్కెట్ల మీద పెట్టడం మనందరం చేసే పనే. బిస్కెట్లు పిల్లలు తింటారు, అది వేరే సంగతి.

ఇందులో ఇంకో మెలిక ఉంది, ఎవరికి వాళ్లు చిన్న ఆర్డర్లు పెట్టేవాళ్లకు ఇది తగులుతుంది. కొన్ని యాప్‌లలో ఆ హద్దును కూపన్ తీసేశాక మిగిలిన మొత్తం మీద చూస్తారు. 210 రూపాయల సరుకు వేసి, 20 రూపాయల కూపన్ వాడితే 190కి పడిపోయి, డెలివరీ ఛార్జి మళ్లీ తలెత్తుతుంది. కూపన్ కలిసొచ్చిందని మనం సంతోషిస్తుంటే అటు నుంచి అది వెళ్లిపోయి ఉంటుంది. ఒక వస్తువు స్టాకు లేదని వాళ్లే తీసేసినప్పుడు కూడా మొత్తం హద్దు కిందికి దిగే వీలుంది. అందుకే డబ్బు కట్టే ముందు ఆఖరి పేజీ ఒక్కసారి చూసుకోవాలి.

మోసమేనా అన్న మీ ప్రశ్నకు ఒకే మాటలో జవాబు చెప్పలేను, ఎందుకంటే మీ బిల్లులోని మూడు అంకెలూ మూడు రకాలు.

ఆ రెండు రూపాయల విరాళం ఉంది చూశారూ, మీరు టిక్ పెట్టకుండానే అది అక్కడ ఉందని రాశారు. మొత్తాల్లో చిన్నదే, కానీ తప్పు అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నది దీని దగ్గరే. మన అనుమతిని ముందే టిక్ పెట్టిన గడుల ద్వారా తీసుకోకూడదని 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలే చెబుతున్నాయి. తర్వాత కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2023 నవంబర్ 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ను అరికట్టే మార్గదర్శకాలు ఇచ్చింది. యాప్‌లు, వెబ్‌సైట్లు మనల్ని మభ్యపెట్టే పద్ధతులు పదమూడింటికి అందులో పేర్లు పెట్టారు. మనం అడగకుండా చివర్లో వస్తువో, సేవో, విరాళమో బిల్లులో దూర్చడం వాటిలో ఒకటి. దాన్ని ‘బాస్కెట్ స్నీకింగ్’ అన్నారు. విరాళం మాట ఆ నిర్వచనంలోనే ఉంది.

హ్యాండ్లింగ్ ఛార్జి అలా కాదు. అసలు వసూలు చేయకూడదని చట్టం ఎక్కడా అనలేదు. కానీ అమ్మేవాళ్లు మొత్తం ధర ఒకే అంకెగా చెప్పాలి, అందులో డెలివరీకి ఎంత, హ్యాండ్లింగ్‌కి ఎంత, పన్ను ఎంత అన్నది విడదీసి చూపాలి అని అదే 2020 నియమాల్లో ఉంది. ముందు ఒక ధర చూపి, పేజీ దాటుతున్న కొద్దీ ఒక్కో ఛార్జి చేరుస్తూ పోవడాన్ని 2023 మార్గదర్శకాలు ‘డ్రిప్ ప్రైసింగ్’ అన్నాయి. ఇంకో సంగతి, 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల్లో ‘ఉచితం’ అన్న మాట గురించే ఒక భాగం ఉంది. ఉచితం అని చెప్పినదానికి ప్యాకింగ్, హ్యాండ్లింగ్ లాంటి పేర్లతో డబ్బు తీసుకుంటే దాన్ని ఉచితం అనకూడదని అందులో చెప్పారు. దీన్ని పట్టుకుని మీరు గట్టిగానే అడగొచ్చు. అయితే కంపెనీ ఊరుకోదు, ‘మేం ఉచితమన్నది బండి మీద తేవడం, హ్యాండ్లింగ్ అన్నది గోడౌన్‌లో సర్దడం, రెండూ వేరు’ అంటుంది. ఆ పన్నెండు రూపాయలు తప్పక వెనక్కి వస్తాయని మీకు ఆశ పెట్టను.

వాన ఛార్జి మీద మీకు కోపం ఉన్నట్టుంది. నాకు మాత్రం మిగతావాటి మీద ఉన్నంత లేదు. వానలో తడుస్తూ వచ్చే పనికి ఎక్కువ అడగడం అన్యాయం కాదు. అడగాల్సింది అది ఆ కుర్రాడికి ఎంత చేరుతుందన్నది. బిల్లులో ఆ మాట లేదు.

చీర సంగతికి వస్తే, మీ ఉత్తరం మొత్తంలో బలమైన కేసు ఇదే, మీరేమో దాన్ని చివర్లో రెండు వాక్యాల్లో తేల్చేశారు! వచ్చిన వస్తువు బాగానే ఉండి, మనకు రంగు నచ్చకో సైజు చాలకో వెనక్కి పంపితే, ముందే చెప్పిన షరతు ప్రకారం పికప్ ఖర్చు పట్టుకుంటే మనం పెద్దగా అనలేం. కానీ ప్రకటనలో చూపినట్టు వస్తువు లేనప్పుడు వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు తిరిగి ఇవ్వననడానికీ అమ్మేవాళ్లకు వీల్లేదని 2020 నియమాలు చెబుతున్నాయి. అంచే వేరుగా ఉన్న చీర పంపిన తప్పు వాళ్లది, తిరిగి తీసుకెళ్లే ఖర్చు మీది ఎలా అవుతుంది? సైటులో ఉన్న ఫొటో స్క్రీన్‌షాట్, మీకొచ్చిన చీర ఫొటో, 1,200 జమ అయిన మెసేజ్, ఈ మూడూ మీ దగ్గర ఉన్నాయా? రిటర్న్ ఇచ్చే ముందు ఫొటో తీశానని రాశారు కాబట్టి ఉన్నట్టే. వెబ్‌సైట్‌లో ఆ పేజీ ఇంకా ఉంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. స్టాకు అయిపోగానే అలాంటి పేజీలు మాయమవుతాయి.

ఆ 150 కోసం మీకు మూడు దారులున్నాయి. మొదటిది, ఆ వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారికి రాయడం. ఇలాంటి సైట్లన్నీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, వివరాలు పెట్టాలి. సాధారణంగా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాటింగ్‌లో జవాబిచ్చే రోబోతో గంట మాట్లాడటం కన్నా నాలుగు వాక్యాల ఈమెయిల్ మేలు. ‘ఫలానా ఆర్డరు, ప్రకటనలో చూపిన అంచు లేదు, వెనక్కి పంపాను, 150 తగ్గించారు, మిగిలిన మొత్తం ఇవ్వండి’ అంతే. మీ బాధంతా రాయక్కర్లేదు, ఫొటోలు జతచేస్తే చాలు.

అక్కడ తేలకపోతే రెండోది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. కోర్టులాగా తీర్పు ఇవ్వరు. మీ ఫిర్యాదు నమోదు చేసుకుని, కంపెనీకి పంపి, జవాబు రాబడతారు. తీర్పు కాదు కదా అని తీసిపారేయకండి. పెద్ద కంపెనీలైతే హెల్ప్‌లైన్ నుంచి ఫిర్యాదు వెళ్లాక కొంచెం చురుగ్గా కదులుతాయి. చిన్న సైటు అయితే, ఊరూ పేరూ సరిగా లేనిదైతే, జవాబే రాకపోవచ్చు కూడా.

మూడోది జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న ఊళ్లోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. రెండేళ్ల లోపు వేయాలి. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు, లాయరు ఉండి తీరాలనేమీ లేదు. కానీ 150 రూపాయల కోసం కొన్ని నెలలు వాయిదాలు చూసుకునే ఓపిక మీకుందా అన్నది మీరే ఆలోచించుకోవాలి. ఉంటే మంచిదే. లేకపోతే 1915 దగ్గర ఆగిపోయినా మీరు ఓడిపోయినట్టు కాదు. మీ ఒక్కరి ఫిర్యాదు ఒక్కరిదిగానే మిగిలిపోదు. ఇలాంటివి పోగుపడ్డప్పుడు సీసీపీఏ తనంతట తాను కూడా విచారణ చేపట్టగలదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం దానికి ఉంది. 2025 జూన్‌లో ఈ-కామర్స్ సంస్థలన్నీ తమ యాప్‌లలో ఇలాంటి మభ్యపెట్టే పద్ధతులు ఉన్నాయేమో మూడు నెలల్లో తామే తనిఖీ చేసుకోవాలని సూచించింది కూడా. ఎవరి తప్పులు వాళ్లనే వెతుక్కోమనడం ఎంతవరకు పనిచేస్తుందో నాకు అనుమానమే. అయినా మీ విరాళం స్క్రీన్‌షాట్ లాంటివి చేరితే సీసీపీఏకు అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇక రెండో అంతస్తు అక్క. ఆవిడ మాట కటువుగా ఉంది, నవ్వు బొమ్మ ఇంకా కటువుగా ఉంది. కానీ ఆవిడ దగ్గర ఉన్న సమాచారం ఏమిటో ఒకసారి చూడండి. ఫ్రీ డెలివరీ అని మీరే చెప్పారు, యాప్ ప్రకటనలోనూ అదే ఉంది. రెండు నెలలు ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. ఇప్పుడు హఠాత్తుగా అడిగారు. ఆ రెండు నెలలూ మీరు చేతి నుంచి వేసుకున్నారని ఆవిడకు తెలియదు, ఎందుకంటే మీరు చెప్పలేదు. మీ మంచితనం ఆవిడకు కనబడే వీలే లేకపోయింది. ఆవిడది అనుమానమో, ఎగతాళో, నిజంగా తెలియక అడిగిందో మీ ఉత్తరాన్ని బట్టి నేను చెప్పలేను. మీకూ తెలిసినట్టు లేదు.

జవాబు గ్రూపులోనే ఇవ్వండి, ఎందుకంటే ప్రశ్న అక్కడే వచ్చింది, మిగతా ముగ్గురూ అక్కడే చూశారు. వివరణ కన్నా బిల్లు బాగా మాట్లాడుతుంది. ఇలా రాయొచ్చు: “అక్కా, ఇదిగో ఆ రోజు బిల్లు. డెలివరీ ఫ్రీనే, కానీ హ్యాండ్లింగ్ 12, వాన ఛార్జి 15, వాళ్లే పెట్టిన విరాళం 2. నాకూ మొదట్లో అర్థం కాలేదు, ఇన్నాళ్లూ నేనే వేసుకున్నాను. విరాళం ఇకనుంచి తీసేస్తాను. ఇకముందు ఆర్డరు పెట్టగానే బిల్లు ఇక్కడే పెడతాను, ఎవరి వస్తువుల ధర వాళ్లది, పైన పడిన ఛార్జీలు ఐదుగురం పంచుకుందాం. కుదరదనుకుంటే మొహమాటం లేకుండా చెప్పండి, ఎవరికి వాళ్లం పెట్టుకుందాం.” అంతే. ఆ పాత ఆరు వందలు అడగాలా వద్దా అంటే, నా ఉద్దేశంలో వద్దు. మీరు చెప్పకుండా కట్టినదాన్ని ఇప్పుడు అడిగితే అది వాళ్లకు అప్పులా కనబడుతుంది, మీకు రావాల్సినదిలా కనబడదు. అడిగే హక్కు మీకు లేదని మాత్రం అనను. అడిగితే డబ్బు కొంత వస్తుంది, గ్రూపు బహుశా మిగలదు.

ఆవిడ అలాగే మాట్లాడితే, ఆవిడను వదిలేసి మిగతా ముగ్గురితో కొనసాగించడంలో తప్పు లేదు. ఒకే మెట్లు ఎక్కి దిగేవాళ్లు కాబట్టి ముఖం చూసుకోవడం కొన్నాళ్లు ఇబ్బందే. అది కూడా గడిచిపోతుంది.

అసలు కలిపి తెప్పించుకోవడం లాభమేనా అన్నది కూడా చూద్దాం. ఐదుగురూ విడిగా పెడితే హ్యాండ్లింగ్ ఐదుసార్లు పడుతుంది, అంటే 60. చిన్న ఆర్డర్లయితే వాటికి డెలివరీ ఛార్జీ పైన. కలిపితే అది 12 మాత్రమే. కాబట్టి మీ ఆలోచన సరైనదే, పంచడం దగ్గరే తేడా వచ్చింది. ఎవరి వస్తువుల ధర వాళ్లకు వేసి, పైన పడిన ఛార్జీలను అందరికీ పంచండి, అన్నీ కూడితే ఖాతాలోంచి పోయిన మొత్తం రావాలి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: అసలు ఖర్చు మాత్రమే తీసుకోండి, మీ శ్రమకని ఒక్క రూపాయి కూడా కలపొద్దు. మీ శ్రమకు విలువ లేదని కాదు. లాభానికి అమ్మేవాళ్లు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే అది మీకు అడ్డం రాకూడదు.

వారానికి సరిపడా కూరగాయలు రైతు బజారులోనూ, పప్పులు నూనెలు వీధి చివర కొట్లోనూ తెచ్చుకుని, యాప్‌ను అత్యవసరానికి మాత్రమే ఉంచుకోవడం ఇంకో దారి. చాలా కిరాణా కొట్లవాళ్లు ఫోన్ చేస్తే కుర్రాడితో పంపిస్తారు, హ్యాండ్లింగ్ అనే మాటే వాళ్లకు తెలియదు. అక్కడ యాప్‌లో వచ్చే డిస్కౌంట్లు రావు, రాత్రి పదకొండింటికి పాల ప్యాకెట్ రాదు. రెండు వారాలు రెండు రకాలుగా చేసి చూస్తే మీకే తెలుస్తుంది. నా అంచనాలో తేడా మీరనుకున్నంత ఉండదు, కానీ అక్కర్లేని బిస్కెట్లు తగ్గుతాయి.

ఇంట్లో గొడవ గురించి. మీవారి మీద నాకు కోపం రాలేదు అంటే అబద్ధం. ‘లెక్క రాదు’ అన్నది అన్యాయమైన మాట. కానీ ఆయన చూసింది 149 రెండుసార్లు, అది నిజంగా వృథాయే. ఆ పాస్ కొన్నది ఉచిత డెలివరీ కోసం, మీ ఐదు ఇళ్ల ఆర్డరుకు ఎలాగూ హద్దు దాటేసి డెలివరీ ఉచితమే వస్తోంది. అంటే ఆ 298 రూపాయలూ ఏమీ చేయలేదు. ఈ ఒక్క మాట ఆయనతో మీరే ముందు అనేస్తే, మిగతా గొడవలో సగం చల్లారుతుంది. మిగతా సగానికి ఆ బిల్లు చూపించి, ‘ఇందులో ఎక్కువ పోయింది ఎక్కడో మీరు చెప్పండి’ అని చేతికివ్వండి. ఆయన కూడా ముందు ఆ ఆకుపచ్చ పట్టీనే చదువుతారు, చూడండి.

యాప్ తీసేయాలా అన్నది మీ ఇష్టం, తీసేసినా కొంపలేమీ మునగవు. కానీ యాప్ డిలీట్ చేసినంత మాత్రాన ఆ పాస్ ఆగదు. ఒక్క రూపాయి కట్టిన రోజున మీరు యూపీఐలో ఆటోపేకు ఒప్పుకున్నారు, ఆ ఒప్పందం బ్యాంకు దగ్గర అలాగే ఉంటుంది. 15,000 లోపు మొత్తాలకు ప్రతిసారీ పిన్ అడగరు. డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందు మెసేజ్ పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. మీకూ వచ్చే ఉంటుంది, రోజూ వచ్చే ప్రకటనల మెసేజుల మధ్య కలిసిపోయి ఉంటుంది. ఉచిత సభ్యత్వం పేరుతో ఆటో డెబిట్‌కు ఒప్పుకోమని బలవంతపెట్టడాన్ని కూడా ఆ 2023 మార్గదర్శకాలు ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ కింద చేర్చాయి. వీళ్లు ఉచితం అనకుండా ‘ఒక్క రూపాయి’ అన్నారు. అది ఊరికే పెట్టిన అంకె అని నేననుకోను.

కాబట్టి ముందు యాప్‌లోనే మెంబర్‌షిప్ విభాగానికి వెళ్లి పాస్ రద్దు చేయండి. రెండోసారి కట్ అయిన 149కి రీఫండ్ అడగండి, ఆ గడువులో పాస్ వల్ల మీకు డెలివరీ మీద ఏమీ మిగల్లేదని రాయండి. ఇస్తారన్న హామీ లేదు, అడిగితే పోయేదీ లేదు. తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మాండేట్స్ అని ఉన్నచోట చూడండి. అక్కడ ఆ కంపెనీ పేరు, తర్వాత కట్ అయ్యే తేదీ కనబడతాయి. దాన్నీ రద్దు చేయండి. పనిలో పనిగా అక్కడ ఇంకేమున్నాయో చూడండి, మీవారి ఫోనులో కూడా. పాత బిల్లులన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాక, అప్పటికీ మీ ఇద్దరికీ ఆ యాప్ వద్దనిపిస్తే, అప్పుడు తీసేయండి. తర్వాతి రెన్యువల్ తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. అది దగ్గర్లోనే ఉండొచ్చు, అందుకే గ్రూపులో జవాబు కన్నా ముందు ఈ పని చూడండి.